ఏ ప్లేయర్లో పెట్టినా పాడే ఎంపీ3 సీడీ

కంప్యూటర్లో చక్కగా పాడిన పాటల సీడీని హాల్లో ఉన్న డీవీడీ ప్లేయర్లో పెడితే ‘నో డిస్క్’ అని పడుతుంది. అదే సీడీ పక్కింటి ప్లేయర్లో పాడుతుంది గాని, ఒకటో పాట తర్వాత పదోది, దాని వెనక పదకొండోది వస్తాయి. కారులో పెడితే ఫోల్డర్లు కనపడతాయి, లోపల పాటలుండవు. వెంటనే వినపడే మాట ‘లెన్స్ పోయినట్టుంది’. ఈ మూడింటిలో ఒక్కటీ లెన్స్ జబ్బు కాకపోవచ్చు. మూడూ సీడీ రాసేటప్పుడు జరిగిన పొరపాట్లే, కాకపోతే మూడు వేర్వేరు చోట్ల జరిగినవి.

ట్రే మూసుకున్న క్షణం నుంచి మొదటి పాట వినపడేదాకా ప్లేయర్ కొన్ని గడపలు దాటాలి. ముందు సీడీ మీద వెలుతురు పడి తిరిగి రావాలి. తర్వాత విషయసూచిక దొరకాలి. ఆపైన ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను సీడీ మీద అమర్చే పద్ధతి), ఫైళ్ల పేర్లు, చివరికి పాట. ఏ గడప దగ్గర ఆగిందో పట్టుకుంటే తప్పెక్కడుందో దొరికినట్టే.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. ప్లేయర్ కంప్యూటర్ కాదు. కంప్యూటర్‌కి అర్థం కానిదేదైనా వస్తే కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుంటాం. ప్లేయర్ ఫ్యాక్టరీ దాటిన రోజున దాని చిప్పులో ఎంత తెలివి ఉందో ఇవాళా అంతే. పైన పేరు ఏ కంపెనీదైనా చాలా డీవీడీ ప్లేయర్ల లోపల ఉండేది మీడియాటెక్ ఎంటీ1389 వంశపు చిప్పే. కాబట్టి ఎదుటి ప్లేయర్ ఏదో తెలియనప్పుడు అన్నిటికన్నా మొద్దు ప్లేయర్‌ని మనసులో పెట్టుకుని రాయాలి. దానికి అర్థమైతే తెలివైనదానికీ అర్థమవుతుంది.

ఆడియో సీడీయా, డేటా సీడీయా

ఈ రెంటినీ కలిపేయడం వల్ల సగం గందరగోళం పుడుతోంది. ఆడియో సీడీ 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన ‘రెడ్ బుక్’ ప్రకారం నడుస్తుంది. అందులో ఫైళ్లూ ఉండవు, ఫోల్డర్లూ ఉండవు. సెకనుకి 44,100 శాంపిళ్ల (శబ్దపు కొలతల) చొప్పున, 16 బిట్లలో, స్టీరియో శబ్దం నేరుగా ట్రాకులుగా ఉంటుంది. 80 నిమిషాలు, 99 ట్రాకులు, అంతకు మించి పట్టదు. ఏ సీడీ ప్లేయరైనా దీన్ని పాడి తీరుతుంది.

ఎంపీ3 సీడీ అంటే పాటల ఫైళ్లు పెట్టిన డేటా సీడీ. ప్లేయర్ ముఖం మీద గాని, దానితో వచ్చిన పుస్తకంలో గాని ఎంపీ3 అని రాసి ఉంటేనే పాడుతుంది. 1990ల నాటి మామూలు సీడీ ప్లేయర్లో పెడితే నిశ్శబ్దమో, బరబర మోతో వస్తుంది. దానికి ఆడియో సీడీ తప్ప వేరే దారి లేదు.

రెండూ కలిపి ఒకే సీడీ మీద రాద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. ఆడియో ట్రాకు ఒక్కటి కనపడినా చాలా ప్లేయర్లు అది ఆడియో సీడీ అని తీర్మానించేసుకుని ఎంపీ3ల వైపు చూడనే చూడవు.

మొదటి గడప: వెలుతురు

కంపెనీ అచ్చు వేసిన సీడీ తనమీద పడిన లేజర్ వెలుతురులో 70 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ దాదాపు దాని దరిదాపుల్లో ఉంటుంది. చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే 15 నుంచి 25 శాతమే. ఆ మసక వెలుగును చదవాలంటే ప్లేయర్లో సిగ్నల్ పెంచే ఏర్పాటు అదనంగా ఉండాలి. పాతవాటిలో అది లేదు. అందుకే ఎవరికైనా ఇచ్చే సీడీ ఎప్పుడూ సీడీ-ఆర్ మీదే రాయాలి. ఆర్‌డబ్ల్యూ మీద సొంత ప్లేయర్లో ప్రయోగాలు చేసుకోవచ్చు.

సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజర్, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది. సీడీ-ఆర్‌లోని రంగు పొర 650 దగ్గర వెలుతురును తిప్పి పంపదు, మింగేస్తుంది. అందువల్ల ఒక్క లేజర్‌తో వచ్చిన తొలితరం డీవీడీ ప్లేయర్లు అచ్చు సీడీని పాడి, ఇంట్లో రాసినదాన్ని మాత్రం గుర్తించేవి కావు. తర్వాతి ప్లేయర్లలో రెండు లేజర్లు పెట్టారు. ఈ రెండు లేజర్ల సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక ఖాళీ సీడీ ఎంపిక. 700 ఎంబీ, 80 నిమిషాలు అని ఉన్నదే కొనాలి. 90 నిమిషాలు, 99 నిమిషాలు అని అమ్మేవి ప్రమాణానికి లోబడినవి కావు. గాడుల మధ్య ఎడం తగ్గించి ఎక్కువ చోటు సంపాదించినవి. ప్లేయర్ ఆ ఇరుకు గాడిలో జారిపోతుంది. నోయిడా కేంద్రంగా ఒకప్పుడు దేశమంతటికీ ఖాళీ సీడీలు పంపిన మోసర్ బేర్ మూతపడింది. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు తైవాన్ కంపెనీలు చేసినవో, ఏళ్ల తరబడి గోడౌన్లో మగ్గిన పాత సరుకో అయి ఉంటాయి. 50 సీడీల కట్ట కొనేముందు రెండు విడిగా కొని రాసి చూడటం మంచిది.

నిండా నింపకండి. సీడీ లోపలి అంచు నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది. వెలుపలి అంచు దగ్గర వంపు ఎక్కువ, ఊగడం ఎక్కువ, వేలిముద్రలు పడేదీ అక్కడే. 700 ఎంబీలో 650 దాకా రాసి ఆపితే ఆ చివరి కొన్ని మిల్లీమీటర్ల బెడద తప్పుతుంది. సీడీలో చివరి నాలుగు పాటలే తడబడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఈ అంచునే.

వేగం విషయంలో రెండు తప్పుడు నమ్మకాలున్నాయి. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదన్నది ఒకటి, 52 రెట్ల (మామూలుగా పాడే వేగానికి) సీడీ గనక 52 రెట్ల వేగంతో రాయొచ్చన్నది రెండోది. ఇప్పటి సీడీల రంగు పొరను తక్కువ సేపు పడే బలమైన లేజర్ దెబ్బకు సరిపోయేలా చేస్తారు. మరీ నెమ్మదిగా రాస్తే గుర్తుల అంచులు పలచబడతాయి. పూర్తి వేగంతో తిప్పితే సీడీ నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతూ వెలుపలి అంచు దగ్గర వణుకుతుంది. 16 నుంచి 24 రెట్ల మధ్య పెట్టుకుంటే చాలు. 16 రెట్ల దగ్గర నిండు సీడీకి పట్టేది ఐదారు నిమిషాలే, అంతకన్నా తొందర అక్కర్లేదు.

రెండో గడప: విషయసూచిక

‘కంప్యూటర్లో పాడుతోంది, ప్లేయర్లో నో డిస్క్’ అన్న ఫిర్యాదుకి మొదటి కారణం ఇక్కడ ఉంది. సీడీ-ఆర్ మీద రాయడం మొదలుపెట్టగానే ఏ ట్రాకు ఎక్కడుందో తెలిపే తాత్కాలిక పట్టికను రైటర్ లోపలి అంచులో ఒక ప్రత్యేక భాగంలో రాసుకుంటుంది. ఆ భాగాన్ని చదవడం రైటర్‌కే తెలుసు. మామూలు ప్లేయర్ చూసేది దాని తర్వాత ఉండే ‘లీడ్-ఇన్’ని. సీడీని మూసేదాకా, అంటే ఫైనలైజ్ చేసేదాకా లీడ్-ఇన్ ఖాళీగా ఉంటుంది. పాటలన్నీ లోపల ఉన్నా ప్లేయర్ దృష్టిలో అది ఖాళీ సీడీయే. కాబట్టి రాసే సాఫ్ట్‌వేర్లో ‘ఫైనలైజ్’ లేదా ‘క్లోజ్ డిస్క్’ అన్నచోట టిక్కు తప్పనిసరి.

మూయకుండా వదిలి, పదిరోజులకోసారి కొత్త పాటలు చేర్చుకోవడాన్ని మల్టీసెషన్ అంటారు. పొదుపుగా అనిపిస్తుంది గాని రెండు నష్టాలున్నాయి. కొన్ని ప్లేయర్లు మొదటి సెషన్ (మొదటిసారి రాసిన భాగం) మాత్రమే చూసి ఆగిపోతాయి, కొన్ని చివరిదే చూస్తాయి. పాత సెషన్‌ని కొత్తదానికి జతచేయకుండా రాస్తే మొదటి పాటలు మాయమైనట్టు కనపడేది అందుకే. రెండో నష్టం చోటు. రెండో సెషన్ తెరవగానే దాదాపు 22 ఎంబీ, ఆ తర్వాత ఒక్కోదానికి 13 ఎంబీ చొప్పున తలుపులకీ గడియలకీ పోతుంది. అంటే ఒక్కో చేర్పుకి రెండు మూడు పాటల చోటు. ఖాళీ సీడీ ధర చూసుకుంటే ఈ పొదుపులో అర్థం లేదు. ఒక సీడీ, ఒక సెషన్, ఒకేసారి. సాఫ్ట్‌వేర్ ‘డిస్క్ ఎట్ వన్స్’, ‘ట్రాక్ ఎట్ వన్స్’ అని అడిగితే మొదటిదే ఎంచుకోండి.

మూడో గడప: ఫైల్ సిస్టమ్

విషయసూచికలో ‘ఇది డేటా’ అని చూడగానే ప్లేయర్ ఆ సెషన్‌లో 16వ సెక్టర్ (సమాచారం ఉండే గడి) దగ్గరికి వెళ్తుంది. అక్కడ ‘సీడీ001’ అన్న ఐదు అక్షరాలుంటే అది ఐఎస్ఓ 9660 అని గుర్తుపడుతుంది. 1988లో ప్రమాణంగా స్థిరపడిన ఈ పద్ధతిని అర్థం చేసుకోని ఎంపీ3 ప్లేయర్ ఉండదు. మిగతావన్నీ దీనిమీద వేసిన తొడుగులే. జోలియెట్ అనేది మైక్రోసాఫ్ట్ తెచ్చిన తొడుగు. ఫైళ్లు అవే ఉంటాయి, పొడుగు పేర్లతో రెండో జాబితా ఒకటి పక్కన పెడుతుంది. జోలియెట్ తెలియని ప్లేయర్ దాన్ని వదిలేసి మొదటి జాబితానే చదువుకుంటుంది. అందుకే ‘ఐఎస్ఓ 9660 ప్లస్ జోలియెట్’ జోడీకి మించిన భద్రమైన దారి లేదు.

ప్రమాదమంతా యూడీఎఫ్ అనే మరో ఫైల్ సిస్టమ్ దగ్గర. విండోస్‌లో ఖాళీ సీడీ పెట్టగానే ఒక ప్రశ్న వస్తుంది: ‘లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్’ కావాలా, ‘విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్’ కావాలా అని. పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చంటే ఎవరికి చేదు, చాలామంది మొదటిదే నొక్కుతారు. అది సీడీని యూడీఎఫ్ పద్ధతిలో, ముక్కలు ముక్కలుగా రాసేలా సిద్ధం చేస్తుంది. కంప్యూటర్లో వెన్నలా నడుస్తుంది, ఇంటి ప్లేయర్లకు మాత్రం అది తెలియని భాష. నొక్కాల్సింది రెండోదే.

సాఫ్ట్‌వేర్ ‘మోడ్ 1’, ‘మోడ్ 2’ అని అడిగితే మోడ్ 1. ఈ పద్ధతిలో ఒక్కో సెక్టర్‌లో 2,048 బైట్లు మన సమాచారం, దానికి కాపలాగా 276 బైట్ల దోషనివారణ సంకేతాలు ఉంటాయి. ఆడియో సీడీకి ఈ కాపలా లేదు. అలాగని ఎంపీ3 సీడీ గట్టిదని సంబరపడటానికీ వీల్లేదు. గీత పడ్డ ఆడియో సీడీలో పోయిన శాంపిళ్లను ప్లేయర్ అటూ ఇటూ ఉన్నవాటిని చూసి అంచనాతో పూడ్చేస్తుంది, చెవికి తెలియదు. డేటాలో అంచనా పనికిరాదు. కాపలా తట్టుకున్నంతసేపు ఒక్క చిటుకు కూడా వినపడదు, దాటిందంటే పాట అక్కడే ఆగి ముందుకు దూకుతుంది.

నాలుగో గడప: పేర్లు, వరుస

తెలుగు పాటల సీడీలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఐఎస్ఓ 9660 మొదటి స్థాయిలో పేరుకి 8 అక్షరాలు, చివర ఎంపీ3 అన్న 3 అక్షరాల తోక. వాడదగినవి ఇంగ్లిషు పెద్దక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే. రెండో స్థాయిలో పేరు 31 అక్షరాల దాకా పోవచ్చు. జోలియెట్‌లో 64, అందులో యూనికోడ్ తెలుగూ పడుతుంది. కంప్యూటర్లో ముచ్చటగా ‘శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం’ అని కనపడుతుంది. కాని ప్లేయర్ చదివే మొదటి జాబితాలో ఆ అక్షరాల స్థానంలో వరసగా కింది గీతలు పడతాయి. జోలియెట్ చదివే ప్లేయరైనా దాని లోపల తెలుగు అక్షరాల బొమ్మలుండవు గనక డబ్బాలో, ప్రశ్నార్థకాలో చూపుతుంది. పేర్లన్నీ గీతలే అయినప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని వేరుచేయడానికి తనకు తోచిన అంకెలు తగిలిస్తుంది. పాటల వరుస అక్కడితో పోయినట్టే. తెలుగు పాటలైనా పేర్లు ఇంగ్లిషు లిపిలో పెట్టక తప్పదు.

ఆ పేర్లు కూడా ముందు అంకెతో మొదలవ్వాలి. అన్నమయ్య అని ఇంగ్లిషులో రాస్తేనే 9 అక్షరాలు. పేరు ముందు, అంకె వెనక పెట్టి 60 కీర్తనలు రాస్తే 8 అక్షరాల దగ్గర కోత పడి అరవై ఫైళ్లూ ఒకే పేరుతో మిగులుతాయి. అంకె ముందుంటే ఎంత కోసినా వరుస నిలుస్తుంది.

ఒకటి తర్వాత పది ఎందుకొస్తుందో కూడా దీనిలోనే ఉంది. ఐఎస్ఓ జాబితాలో పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, ప్లేయర్ ఆ క్రమంలోనే పాడుతుంది. దానికి 10 అంటే పది కాదు, ‘1’ పక్కన ‘0’. ‘2’ కన్నా ‘1’ ముందు గనక 1, 10, 11, 2 అని పోతుంది. వందలోపు పాటలకు 01, 02 అని, వంద దాటితే 001, 002 అని సున్నాలు పెట్టి రాస్తే ఈ తలనొప్పి ఉండదు. ఫోల్డర్లకూ ఇదే నియమం.

ఫోల్డర్లలో ఫోల్డర్లు పెట్టకండి. ప్రమాణం 8 అంతస్తులు ఒప్పుకుంటుంది గాని చాలా కారు స్టీరియోలు రెండు మూడు దాటితే దారి తప్పుతాయి. ఒకే అంతస్తు, ఫోల్డర్‌కి 15 నుంచి 25 పాటలు ఉంటే రిమోట్‌తో వెతుక్కోవడమూ తేలిక. కొన్ని పాటలు విడిగా బయట, కొన్ని ఫోల్డర్లలో పెట్టడమూ వద్దు. ఆ కలగాపులగాన్ని ఒక్కో ప్లేయర్ ఒక్కోలా వరస పెట్టుకుంటుంది. మొత్తం పాటలకు, ఫోల్డర్లకు ప్లేయర్ పరిమితి దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోయిందా, 99 ఫోల్డర్లు, 255 ఫైళ్లు దాటకుండా చూసుకోండి. 4.7 జీబీ డీవీడీ మీద వెయ్యి పాటలు రాస్తే సగమే కనపడటానికి కారణం ఈ పరిమితే.

పాట కాని ఫైళ్లను ముందే ఏరిపారేయాలి. బొమ్మలు, పాటల జాబితా ఫైళ్లు, విండోస్ దాచిపెట్టే చిన్నాచితకా ఫైళ్లు. మాక్ కంప్యూటర్ తగిలిన పెన్‌డ్రైవ్ నుంచి పాటలు తెచ్చుకున్నప్పుడు మరీ జాగ్రత్త. ప్రతి పాటకూ జంటగా, చుక్క, కింది గీతతో మొదలయ్యే ఒక బుల్లి ఫైలు దాగి ఉంటుంది. దాని తోక కూడా ఎంపీ3యే. ప్లేయర్ దాన్ని పాట అనుకుని తెరిచి, లోపల శబ్దం లేక బిక్కచచ్చిపోతుంది. పాటల సంఖ్య రెట్టింపు చూపిస్తూ ఒకటి విడిచి ఒకటి పాడుతోందంటే ఇదే సంగతి.

చివరి గడప: పాట

పేరు చివర ఎంపీ3 అని మార్చినంత మాత్రాన ఫైలు ఎంపీ3 అయిపోదు. ఫోన్ రికార్డింగులు, నెట్ నుంచి దించుకున్నవి చాలావరకు ఎం4ఏ, ఓపస్ రకాలు. వాటిని ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్లో తెరిచి నిజంగా మార్చాలి. మార్చేటప్పుడు పెట్టుకోవాల్సినవి: 44.1 కిలోహెర్ట్జ్, స్టీరియో, స్థిర బిట్‌రేట్, 128 లేదా 192 కేబీపీఎస్ (సెకనుకి వాడే కిలోబిట్లు). నష్టంతో కుదించిన ఫైలును మళ్లీ కుదిస్తే నాణ్యత ఇంకో మెట్టు దిగుతుంది, కాబట్టి మూలం ఆడియో సీడీయో, వేవ్ ఫైలో అయితే మేలు.

మారే బిట్‌రేట్ వద్దనడానికి కారణం ఉంది. పాత ప్లేయర్ పాట నిడివిని మొదటి ఫ్రేము (ఫైలులోని చిన్న ముక్క) బిట్‌రేట్ చూసి లెక్కగడుతుంది. నిశ్శబ్దంతో మొదలయ్యే పాటకి ఆ ఫ్రేము చిన్నది గనక ఐదు నిమిషాల పాటను ఇరవై నిమిషాలని చూపిస్తుంది, ముందుకు జరిపితే ఎక్కడికో దూకుతుంది. పాడటం మాత్రం చాలావరకు పాడుతుంది. సొంత ఇంటికైతే సర్దుకుపోవచ్చు.

650 ఎంబీ సీడీలో ఎంత పడుతుందో లెక్క సులువు. 128 దగ్గర నిమిషానికి 0.92 ఎంబీ, మొత్తం సుమారు 11 గంటల 50 నిమిషాలు. ఐదు నిమిషాల పాటలు 140 పైచిలుకు. 192 దగ్గర 7 గంటల 50 నిమిషాలు, 94 పాటలు. మామూలు హోమ్ థియేటర్ మీద సినిమా పాటలకు 192 చాలు. 320 పెడితే చోటు హరించుకుపోతుంది, తేడా పట్టుకునే స్పీకర్లు ఉన్న ఇళ్లు తక్కువ.

ప్రవచనాలు, హరికథలు రాసేవాళ్లు ఒక గోతిలో పడుతుంటారు. మాటలకి ఎక్కువ నాణ్యత ఎందుకులే అని 32 కేబీపీఎస్, 22.05 కిలోహెర్ట్జ్ పెడతారు. శాంప్లింగ్ రేటు 32 కిలోహెర్ట్జ్ కన్నా దిగితే ఆ ఫైలు ఎంపెగ్-1 అనే శబ్ద ప్రమాణం కింద రాదు, ఎంపెగ్-2 అవుతుంది. రెంటికీ తోక ఎంపీ3యే. ఎంపెగ్-2 తెలియని ప్లేయర్ దాన్ని దాటేసి పోతుంది, అరకొరగా తెలిసినది తప్పుడు వేగంతో పాడుతుంది. మాటలకు 64 కేబీపీఎస్, మోనో, కాని 44.1 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఒక్క సీడీలో 23 గంటలకు పైగా పడుతుంది. మూడు గంటల హరికథను ఒకే ఫైలుగా కాక అరగంట ముక్కలుగా కోస్తే కరెంటు పోయి వచ్చాక మళ్లీ మొదటి నుంచి వినాల్సిన పని ఉండదు. విరామం లేకుండా సాగే సుప్రభాతం, కచేరీ లాంటివి కోయకండి. ఎంపీ3ల మధ్య ప్లేయర్ ఒకటి రెండు సెకన్ల ఖాళీ వదులుతుంది, రాగం మధ్యలో తాడు తెగినట్టుంటుంది.

ట్యాగుల సంగతి. పాట పేరు, గాయకుల పేర్లు ఫైలు లోపల దాచుకునే ఐడీ3 మొదటి రకం ట్యాగు ఫైలు చివర 128 బైట్లు. అందులో పాట పేరుకి 30 బైట్లు. తెలుగు యూనికోడ్‌లో (యూటీఎఫ్-8) ఒక్కో సంకేతానికి 3 బైట్లు కావాలి. ఒత్తులూ గుణింతాలూ విడివిడి సంకేతాలే గనక ‘సుప్రభాతం’ ఒక్క మాటకే 27 బైట్లు ఖర్చు. అయినా తెర దాన్ని చూపలేదు. ట్యాగులు కూడా ఇంగ్లిషు లిపిలోనే ఉంచండి. రెండో రకం ట్యాగు ఫైలు మొదట్లో ఉంటుంది, 2.3 రకం వాడితే ఎక్కువ ప్లేయర్లు చదువుతాయి. దానిలో ఇరికించే ఆల్బమ్ బొమ్మే అసలు చిక్కు. రెండు మూడు ఎంబీల బొమ్మ దాటితే గాని శబ్దం మొదలవదు. పాత ప్లేయర్ ఆ బొమ్మలోనే శబ్దం కోసం వెతికి, ‘చర్ర్’మని ఒక అరుపు వదులుతుంది, లేదంటే పాటనే వదిలేస్తుంది. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో అన్ని ఫైళ్లనూ ఒక్కసారే ఎంచుకుని బొమ్మలు తీసేయవచ్చు.

ఘంటసాల పాట మెల్లగా, వెంటనే వచ్చే కొత్త సినిమా పాట చెవులు చిల్లులు పడేలా ఉండటం అందరికీ అనుభవమే. దీన్ని ట్యాగులతో సరిచేసే పద్ధతిని ఇంటి ప్లేయర్లు పట్టించుకోవు. ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములో ఉండే శబ్దస్థాయి అంకెనే 1.5 డెసిబెళ్ల మెట్లుగా మారుస్తుంది. మళ్లీ కుదించదు గనక నాణ్యత చెడదు, ఏ ప్లేయర్లోనైనా పనిచేస్తుంది. 89 డెసిబెళ్ల దగ్గర ఉంచితే సరిపోతుంది.

రాసే వరుస

ఇమ్గ్‌బర్న్ అనే సీడీ రాసే సాఫ్ట్‌వేర్ ఉచితం, చిన్నది, అడిగినవన్నీ చూపిస్తుంది. ముందు కంప్యూటర్లో ఒక ఫోల్డర్ తెరిచి, సీడీ మీద ఎలా కనపడాలో అచ్చం అలాగే అంకెలు, పేర్లు సర్దండి. ఇమ్గ్‌బర్న్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు డిస్కుకి రాసే బొత్తాం నొక్కి ఆ లోపలి ఫోల్డర్లను చేర్చండి. ‘ఆప్షన్స్’లో డేటా రకం మోడ్ 1, ఫైల్ సిస్టమ్ ఐఎస్ఓ 9660 ప్లస్ జోలియెట్. ఇక్కడ యూడీఎఫ్ కలిసి ఉన్నది ముందే ఎంచుకుని ఉండొచ్చు, మార్చడం మరవకండి. ‘అడ్వాన్స్డ్’లో, పరిమితుల కింద ఐఎస్ఓ మొదటి స్థాయిని ఉంచండి. వేగం 16. ‘వెరిఫై’ టిక్కు పెట్టండి. రాసినదాన్ని మళ్లీ చదివి, మూలంతో సరిపోల్చి చూస్తుంది. లినక్స్‌లో కే3బీ అనే సాఫ్ట్‌వేర్లో ఇలాంటి ఎంపికలే ఉంటాయి. విండోస్ మీడియా ప్లేయర్‌తో రాసేవాళ్లు బర్న్ ఎంపికల్లో ‘డేటా సీడీ’ అని మార్చుకోవాలి, లేకపోతే అది పదహారు పాటలకే సీడీ నిండిపోయిందంటుంది.

డీవీడీ మీద రాస్తే ఐఎస్ఓతో పాటు యూడీఎఫ్ కలిపిన జోడీ ఎంచుకోవాలి. అక్కడ నియమం తిరగబడుతుంది. అయితే డేటా డీవీడీలోని ఎంపీ3లను పట్టించుకోని ప్లేయర్లు చాలా ఉన్నాయి, కారులో అయితే మరీను. పాటలకు సీడీయే నమ్మకం.

పేరు రాయడానికి సీడీల కోసం అమ్మే నీటి సిరా పెన్ను వాడి, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక వలయం మీద రాయండి. సమాచారం ఉండేది మెరిసే అడుగు వైపుకి దగ్గరగా కాదు, పేరు రాసే పైవైపు పూత కిందే. అడుగున పడ్డ గీతను రుద్ది పోగొట్టవచ్చు, పైన పడ్డ గీతతో సమాచారమే ఊడిపోతుంది. కాగితం స్టిక్కర్లు అసలు వద్దు. కొంచెం పక్కకి అంటినా సీడీ ఒంటివైపు బరువెక్కి ఊగుతుంది, మే నెల ఎండలో కారు అద్దం కింద పెడితే ఆ స్టిక్కరు ముడుచుకుంటూ సీడీని కూడా వంచుతుంది.

నిజంగా లెన్సే పోయినప్పుడు

సీడీ మీద అనుమానం తీరాలంటే కంపెనీ అచ్చు వేసిన ఆడియో సీడీ ఒకటి, అచ్చు డీవీడీ ఒకటి దగ్గర పెట్టుకోండి. రెండూ పాడి, రాసిన సీడీ ఒక్కటే పాడకపోతే పైన చెప్పిన గడపల్లో వెతకాలి. డీవీడీ పాడుతూ, అచ్చు సీడీ కూడా పాడకపోతే 780 నానోమీటర్ల లేజర్ ఒక్కటే నీరసించింది. డీవీడీ లేజర్ వేరు గనక అది బాగానే ఉంటుంది. రెండూ పాడకపోతే ముందు దుమ్ము చూడాలి. దూదిపుల్లకి రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, నొక్కకుండా, లెన్స్ మీద ఒక్కసారి తిప్పి ఆరనివ్వండి. లెన్స్ వెంట్రుకవాసి తీగల మీద వేలాడుతుంటుంది, బలంగా రుద్దితే ఒరిగిపోతుంది.

అప్పటికీ పాడకపోతే పికప్ (లేజర్, లెన్స్ కలిసి ఉండే భాగం) మార్చాలి. డీవీడీ ప్లేయర్లలో సాన్యో ఎస్ఎఫ్-హెచ్‌డీ62, సీడీ ప్లేయర్లలో సోనీ కేఎస్ఎస్-213 లాంటివి చాలాచోట్ల వాడారు. పాత పికప్ మీద ఉన్న నంబరు చూసి అదే కొనాలి. కొత్తది పెట్టాక కూడా ‘నో డిస్క్’ వస్తే సరుకు నకిలీదని తిరిగి ఇచ్చేయకముందు దాని చిన్న బోర్డు మీద చూడండి. స్టాటిక్ కరెంటుకి లేజర్ కాలిపోకుండా ఫ్యాక్టరీలో రెండు బిందువులను సోల్డర్ చుక్కతో కలిపి పంపుతారు. రిబ్బన్ కేబుల్ బిగించిన తర్వాత ఆ చుక్కను కరిగించి తీసేస్తేనే లేజర్ వెలుగుతుంది.